తన లెక్క తానే చెప్పుకునే ఆట



ఈరోజు గోల్ఫ్ గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో రేడియో వింటున్నవాళ్లకు ఇది మనకు ఏ సంబంధమూ లేని ఆట అనిపించవచ్చు. మాది వేముల. ముగ్గురాయి గనులు, చీనీ తోటలు, అరటి తోటలు, వేసవి వచ్చిందంటే అరికాళ్లు బొబ్బలెక్కే రాతినేల. పచ్చిక మీద తెల్ల బంతిని దొర్లించే ఆటకు ఇక్కడ చోటెక్కడిదని ఎవరైనా అడగొచ్చు. కానీ ఆ ఆటలో పచ్చిక కన్నా, డబ్బు కన్నా విలువైనది ఒకటుంది. ఆటగాడు తన తప్పును ఎవరూ చూడకపోయినా తానే చెప్పి, తన లెక్కలో తానే వేసుకోవడం. ఈ ప్రసంగం దాని గురించే.

ముందుగా ఆట ఏమిటో చెప్తాను. విశాలమైన మైదానంలో పద్దెనిమిది చోట్ల నేలలో చిన్న గుంతలుంటాయి. ఒక్కొక్కటి నాలుగుంబావు అంగుళాల వెడల్పు. ఆటగాడు ఒక చోట నిలబడి, 46 గ్రాములకు మించని చిన్న బంతిని కర్రతో కొడతాడు. ఆ బంతి ఎక్కడ పడితే అక్కడికి నడిచి వెళ్లి, అక్కడి నుంచే మళ్లీ కొడతాడు. అలా గుంతలో పడేదాకా కొడుతూ పోవాలి. ఎన్ని దెబ్బలు తక్కువైతే అంత గొప్ప. ఒక్కో గుంతకు, అంటే ఒక్కో హోల్‌కు, మంచి ఆటగాడు ఇన్ని దెబ్బల్లో ముగించాలని ఒక లెక్క ఉంటుంది. దాన్ని పార్ అంటారు. సంచిలో పద్నాలుగు కర్రలకు మించి ఉండకూడదు. బంతి పొదల్లో పోతే మూడు నిమిషాల్లో వెతుక్కోవాలి. దొరక్కపోతే పోయినట్టే, దానికి జరిమానా ఉంటుంది.

ఈ ఆటకు స్కాట్లండ్‌లో 1744లో రాసుకున్న మొదటి నియమాలు పదమూడే. ఆ తర్వాత నియమాల పుస్తకం ఎంత పెరిగినా మూలసూత్రాలు రెండే. బంతి ఎలా పడి ఉందో అలాగే ఆడాలి. నేల ఎలా ఉందో అలాగే ఆడాలి. బంతి ఎత్తుకుని మంచి చోట పెట్టుకోకూడదు. అడ్డంగా ఉందని బతికున్న కొమ్మను విరవకూడదు. నేల తనకు అనుకూలంగా లేదని గొణగడానికి వీల్లేదు.

మన చిన్నప్పటి గోళీలాట గుర్తు తెచ్చుకోండి. గుంతలో గోళీ వేసేటప్పుడు ఎంత గొడవ! తగిలిందని ఒకడు, తగల్లేదని ఒకడు. జేన కొలిచేటప్పుడు వేళ్లు సాగదీశావని ఒకడు. అందరూ ఒకే చోట గుమిగూడి, కళ్లు పెద్దవి చేసుకుని చూస్తుండగా అంత తగాదా. గోల్ఫ్‌లో ఆటగాళ్లు ఒకరికొకరు వంద గజాల దూరంలో, చెట్ల చాటున, ఇసుక గుంటల్లో ఉంటారు. అంపైర్ పక్కనే నిలబడి ఈల వెయ్యడు. పెద్ద పోటీల్లో రిఫరీలు ఉంటారు గానీ ప్రతి బంతి వెంటా ఉండలేరు. పక్క ఆటగాడు మన దెబ్బలు కాగితం మీద రాస్తాడు, మనం అతనివి రాస్తాం. చివరికి లెక్క సరిచూసుకుని సంతకం పెట్టేది ఎవరికి వారే. ఉన్నదానికన్నా తక్కువ లెక్కకు సంతకం పెడితే పోటీ నుంచే తొలగిస్తారు.

ఈ ఆట మన దేశానికి కొత్తదేమీ కాదు. కలకత్తాలో 1829లో గోల్ఫ్ క్లబ్బు పెట్టారు. బ్రిటిష్ దీవుల బయట పుట్టిన క్లబ్బుల్లో అన్నిటికన్నా పాతది అదే. మన తెలుగునేల మీద విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు 1884 నాటిది. తెల్లదొరలు వాల్తేరు తీరంలో తమ సరదా కోసం మొదలుపెట్టిన ఆట, ఈరోజు వైజాగ్ ఓపెన్ అనే పేరుతో దేశంలోని వృత్తి ఆటగాళ్లు వచ్చి ఆడే పోటీ దాకా వచ్చింది. ఉద్యోగరీత్యా విశాఖలో ఉన్న రోజుల్లో నేను ఈ ఆట నేర్చుకున్నది అక్కడే. కొండలు ఒకవైపు, సముద్రపు గాలి ఒకవైపు. సంచి మోసే క్యాడీ ఒకాయన మొదట్లోనే నాకు చెప్పిన మాట ఇప్పటికీ పనికొస్తోంది. "బాబూ, బంతి కేసి చూసింది చాలు. సముద్రం ఎటుందో చూడండి. కంటికి చదునుగా కనపడినా నేల అటే వాలుంటాది, బంతి అటే పోతాది." వంగి చూస్తే నాకు ఏ వాలూ కనిపించలేదు. బంతి మాత్రం ఆయన చెప్పిన వైపే తిరిగింది.

హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లా గోడల నడుమ మరో మైదానం ఉంది. కుతుబ్‌షాహీల నాటి బురుజులు చూస్తుండగా అక్కడ ఆడతారు. హాతియాన్ కా ఝాడ్ అని పిలిచే బ్రహ్మాండమైన బావోబాబ్ చెట్టు కూడా అక్కడే ఉంది. చరిత్ర ఉన్న కోటలో గోల్ఫ్ ఏమిటని వారసత్వ ప్రేమికులు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. అది న్యాయమైన ప్రశ్న. ఎక్కడ ఆడాలన్న ప్రశ్నకు జవాబు సరిగ్గా చెప్పుకోకపోతే ఎంత మంచి ఆట మీదైనా జనానికి కోపమే మిగులుతుంది.

తన తప్పు తానే చెప్పుకోవడాన్ని నేను కళ్లారా చూసిన చోటికి, ఇప్పుడు మధ్యధరా సముద్ర తీరానికి వెళ్దాం. స్పెయిన్ దేశపు దక్షిణ కొసన, జిబ్రాల్టర్‌కు దగ్గరగా, సోటోగ్రాండె అనే ఊళ్లో వాల్డెరామా అనే మైదానం ఉంది. రాబర్ట్ ట్రెంట్ జోన్స్ అనే అమెరికన్ 1974లో దానికి రూపం ఇచ్చాడు. 1984లో దాన్ని హైమె ఓర్టిజ్ పటీన్యో అనే ఆయన కొన్నాడు. గనుల సీమలో పుట్టినవాణ్ణి గనక ఈయన కథ నన్ను ఆకట్టుకుంది. బొలీవియాలో తగరపు గనులు తవ్వించి ప్రపంచంలోనే పెద్ద సంపన్నుల్లో ఒకడైన సైమన్ పటీన్యోకు ఈయన మనవడు. తాత నేల కడుపులోంచి తీసిన సంపదను మనవడు నేల పైపొర మీద పెట్టాడు. మనుషుల్ని పెట్టి ఊరుకోలేదు. గడ్డి పెంపకం తానే నేర్చుకుని, మైదానం పనులు తానే దగ్గరుండి చూసుకున్నాడు. అలా ఒక దశాబ్దంలో యూరప్‌లో అందరూ గౌరవించే మైదానాల్లో దాన్ని ఒకటిగా నిలబెట్టాడు.

1997లో అక్కడ రైడర్ కప్ జరిగింది. అమెరికాకూ యూరప్‌కూ మధ్య జరిగే ఆ జట్టు పోటీని బ్రిటిష్ దీవులు దాటి యూరప్ ప్రధాన భూభాగంలో నిర్వహించడం అదే మొదటిసారి. స్పెయిన్ గడ్డ మీద స్పెయిన్ వీరుడు సెవె బాలెస్తెరోస్ యూరప్ జట్టుకు నాయకుడు. వర్షం కురుస్తూనే ఉంది. చివరికి యూరప్ పద్నాలుగున్నర, అమెరికా పదమూడున్నర. ఒక్క పాయింటు తేడా.

ఆ మైదానంలో ఒక రౌండు, అంటే పద్దెనిమిది గుంతలూ, ఆడే అవకాశం నాకు దొరికింది. ఆడినవాడిగా చెబుతున్నాను, అక్కడ బలంతో పని జరగదు. మొత్తం పొడవు సుమారు ఏడు వేల గజాలు, పార్ 71. కాగితం మీద చూస్తే భయపెట్టే లెక్క కాదు. భయపెట్టేది చెట్లు. అవి బెండు చెట్లు. మన సీసాల మూతలకు వాడే బెండు ఆ చెట్ల బెరడే. దాదాపు తొమ్మిదేళ్లకోసారి బెరడు వలుస్తారు, చెట్టు చావదు, మళ్లీ బెరడు కడుతుంది. వలిచిన మాను మొదలంతా ఎర్రమట్టి పూసినట్టు ఉంటుంది. ఆ చెట్లు దారికి రెండువైపులా కమ్ముకుని, కొమ్మలు మన నెత్తి మీదికే వాలుతాయి. రెండో హోల్‌లో అయితే ఒక చెట్టు సరిగ్గా దారి నడుమే నిలబడి ఉంది. ఎడమకు పోవాలా, కుడికి పోవాలా, పైనుంచి దాటాలా అన్నది కర్ర చేతిలోకి తీసుకోకముందే తేల్చుకోవాలి.

ఆపైన గాలి. అక్కడ రెండు గాలులు. తూర్పున మధ్యధరా సముద్రం మీంచి వచ్చేదాన్ని లెవాంతె అంటారు. పడమర అట్లాంటిక్ మీంచి వచ్చేది పొనియెంతె. గాలి మారిందంటే నిన్న ఆడిన మైదానం ఈరోజు ఉండదు. పొద్దున్నే అక్కడివాళ్లు ఒకరినొకరు పలకరించుకునేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఈరోజు ఏ గాలి అనే.

పదిహేడో హోల్ గురించి ప్రపంచమంతా వాదించుకుంది. గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికను గ్రీన్ అంటారు. ఇక్కడ గ్రీన్ ముందు చెరువు. చెరువు గట్టు మీద గడ్డిని నున్నగా కత్తిరించి ఉంచుతారు. గ్రీన్ మీద పడిన బంతి కాస్త వెనక్కి దొర్లినా ఆగదు, నీళ్లలోకి జారిపోతుంది. 1999లో ప్రపంచ స్థాయి పోటీ చివరి రోజున టైగర్ వుడ్స్ బంతి అలాగే జారి నీళ్లలో పడింది. ఐదు దెబ్బల హోల్‌కు అతనికి ఎనిమిది అయ్యాయి. చేతికందిన పోటీ సమమై, అదనపు హోల్ ఆడి గెలవాల్సి వచ్చింది. ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్నవాడికైనా ఆ గట్టు మినహాయింపు ఇవ్వలేదు.

కానీ ఆ రౌండులో నాకు బాగా గుర్తుండిపోయింది చెరువు కాదు. నాతో ఆడినవాళ్లలో స్పెయిన్ పెద్దాయన ఒకరున్నారు. ఆయన బంతి ఒక బెండు చెట్టు కింద, ఎండుటాకుల్లో పడింది. మేము ముప్పై గజాల అవతల ఉన్నాం, మా కళ్లన్నీ మా బంతుల మీదే ఉన్నాయి. ఆయన వంగి బంతి పక్కనున్న ఎండు పుల్లను తీశారు. అంతలో చెయ్యెత్తి, ఒక వేలు చూపించి, అందరికీ వినిపించేలా చెప్పారు, బంతి కదిలింది, నాకు ఒక దెబ్బ వేసుకోండి అని. ఎండుపుల్ల తీయడం తప్పు కాదు. తీసేటప్పుడు బంతి కదిలితే ఒక దెబ్బ జరిమానా, బంతిని మళ్లీ యథాస్థానంలో పెట్టాలి. ఆయన అలాగే పెట్టి ఆడారు. ఆ హోల్‌కు ఏడు అని రాయించారు. అక్కడ బహుమతి లేదు, పందెం లేదు, చూసే జనం లేరు. ఆయన ముఖంలో బాధా లేదు, నిజం చెప్పానన్న గొప్పా లేదు. అది ఆయనకు అలవాటు, అంతే.

ఇదే మైదానం మీద మన దేశానికి ఒక గొప్ప రోజుంది. 2006 అక్టోబరు చివరి వారం. వృత్తి ఆటగాళ్లు ఏడాది పొడవునా ఆడే పోటీల వరుసను టూర్ అంటారు. యూరప్ టూర్ ఏడాది ముగింపు పోటీ వోల్వో మాస్టర్స్. నాలుగు రోజుల ఆటలో 282 దెబ్బలతో జీవ్ మిల్ఖా సింగ్ గెలిచాడు. సెర్జియో గార్సియా, ల్యూక్ డొనాల్డ్, పాడ్రెగ్ హారింగ్టన్, ముగ్గురూ ఒకే ఒక్క దెబ్బ వెనక నిలిచారు. జీవ్ తండ్రి పరుగుల వీరుడు మిల్ఖా సింగ్. అదే మధ్యధరా ప్రాంతంలోని రోమ్ నగరంలో 1960 ఒలింపిక్స్ 400 మీటర్ల పరుగులో సెకనులో పదో వంతు తేడాతో తండ్రికి పతకం చేజారింది. 46 ఏళ్ల తర్వాత కొడుకు ఒక్క దెబ్బ తేడాతో గెలిచాడు. ఒక్క దెబ్బ విలువ ఆ ఇంటికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

ఆ ఒక్క దెబ్బను తన మీద తానే వేసుకోవాల్సి వస్తే? 1925లో అమెరికన్ ఓపెన్‌లో బాబీ జోన్స్ అనే మహా ఆటగాడికి అదే జరిగింది. గడ్డిలో బంతి రవంత కదిలిందని ఆయనే చెప్పాడు. ఎవరూ చూడలేదు. అధికారులు నిర్ణయం ఆయనకే వదిలేశారు. ఒక దెబ్బ కలుపుకున్నాడు. దాంతో పోటీ సమమైంది, తర్వాత జరిగిన నిర్ణయాత్మక రౌండులో ఓడిపోయాడు.

దాదాపు నూరేళ్ల తర్వాత అదే పని చేసినవాడు మన తెలుగు ఇంటి బిడ్డ. సాహిత్ తీగల. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లి కాలిఫోర్నియాలో స్థిరపడ్డారు. సాహిత్ 1997లో అక్కడే పుట్టాడు. పెపర్‌డైన్ విశ్వవిద్యాలయం తరఫున ఆడి, 2020లో అమెరికా కళాశాలల ఆటగాళ్లలో ఉత్తముడిగా హాస్కిన్స్ అవార్డు అందుకున్నాడు. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి, అమెరికా పీజీఏ టూర్‌లో తొలి విజయం సాధించాడు.

2024 ఆగస్టు చివర అట్లాంటాలో ఏడాది ఆఖరి పోటీ, టూర్ చాంపియన్‌షిప్. మూడో రోజు మూడో హోల్‌లో సాహిత్ బంతి ఇసుక గుంటలో పడింది. ఇసుకలోంచి కొట్టేటప్పుడు ఒక నియమం ఉంది. కర్రను వెనక్కి ఎత్తేటప్పుడు అది ఇసుకకు తగలకూడదు. తగిలితే రెండు దెబ్బల జరిమానా. సాహిత్ బంతి కొట్టాడు, కొట్టాక రిఫరీని తనే పిలిచాడు. కర్ర ఎత్తేటప్పుడు ఇసుక రవంత కదిలినట్టు నాకు అనిపించింది అని చెప్పాడు. ఎవరూ వేలెత్తి చూపలేదు.  రెండు దెబ్బలు వేశారు.

ఆ పోటీలో సాహిత్ చివరికి మూడో స్థానంలో నిలిచాడు. రెండో స్థానానికి తేడా సరిగ్గా రెండు దెబ్బలు. మూడో స్థానానికి బహుమతి 75 లక్షల డాలర్లు, రెండో స్థానానికి కోటీ పాతిక లక్షల డాలర్లు. ఆ రెండు దెబ్బలూ లేకపోతే లెక్క ప్రకారం రెండో స్థానాన్ని పంచుకునేవాడు. మన డబ్బులో ఇరవై కోట్ల రూపాయల మాట. కొన్ని ఇసుక రేణువులు కదిలాయని ముందుకొచ్చి చెప్పిన సాక్షి అతని మనసొక్కటే. ఆ ఒక్క సాక్ష్యం అతనికి చాలింది. అతని విజయాలన్నిటికన్నా ఈ మూడో స్థానమే పెద్దదని నేను నమ్ముతాను.

సరే, ఇంత మంచి ఆట అయితే మన సీమలో ఎందుకు లేదు? నీళ్లు కావాలి, నేల కావాలి, డబ్బు కావాలి అంటారు. నీళ్ల సంగతి నేనూ ఒప్పుకుంటాను. చీనీ చెట్టుకు డ్రిప్పు పెట్టి చుక్క చుక్క లెక్కేసుకునే పులివెందుల రైతు ముందు పచ్చిక కోసం బోర్లు వేయమనడం పాపం. మధ్యధరా తీరంలోనూ వేసవి ఎండు కాలమే. అందుకే దక్షిణ స్పెయిన్‌లో చాలా మైదానాలు ఊళ్ల మురుగునీటిని శుద్ధిచేసి వాడుకుంటున్నాయి.

అసలు ఈ ఆటకు పచ్చిక తప్పనిసరి కాదు. స్కాట్లండ్‌లో ఆట పుట్టింది ఎందుకూ పనికిరాని సముద్రపు ఇసుక దిబ్బల మీద. మన దేశంలోనూ ఒకప్పుడు చాలా మైదానాల్లో గ్రీన్‌లకు బదులు బ్రౌన్‌లు ఉండేవి. ఇసుకను నూనెతో కలిపి, చదును చేసి, దాని మీద బంతి దొర్లించేవారు. ఆస్ట్రేలియా ఎడారిలో కూబర్ పీడీ అనే ఊరుంది. ఓపల్ రత్నాల గనుల ఊరు. మన కన్నా ఎంతో తక్కువ వాన. అక్కడి గోల్ఫ్ మైదానంలో గడ్డిపోచ ఉండదు. ఆటగాడు జానెడు కృత్రిమ పచ్చిక ముక్కను వెంట తీసుకెళ్లి, బంతిని దాని మీద పెట్టుకుని కొడతాడు. గోల్ఫ్‌కు పుట్టిల్లులాంటి స్కాట్లండ్ ఊరు సెయింట్ ఆండ్రూస్ వాళ్లు ఈ గనుల ఊరి క్లబ్బుతో, ఒకరి మైదానంలో ఒకరు ఆడుకునే ఒడంబడిక చేసుకున్నారు. రాతినేలకు, గనుల ఊరికి ఈ ఆట తలుపు మూసి లేదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

డబ్బు సంగతి కూడా చూడండి. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయుడు అలీ షేర్, క్యాడీగా సంచులు మోస్తూ ఆట నేర్చుకున్నవాడు. 2008లో ఢిల్లీలో జరిగిన ఇండియన్ మాస్టర్స్ గెలిచిన ఎస్.ఎస్.పి. చౌరాసియా, కలకత్తా మైదానంలో గడ్డి పని చేసే ఉద్యోగి కొడుకు. పేదవాడికి చేతకాక ఈ ఆట దూరం కాలేదు. గేటు మూసి ఉండడం వల్ల దూరమైంది. గేటు తీసిన చోట వాళ్లే గెలిచి చూపించారు.

అందుకని నా విన్నపం మూడు ముక్కల్లో చెప్తాను. విశాఖ, హైదరాబాద్ క్లబ్బుల పెద్దలకు ఒక మాట. సెలవుల్లో వారానికి ఒక పూటైనా ప్రభుత్వ పాఠశాలల పిల్లల్ని లోపలికి రానివ్వండి, పాత కర్రలు వాళ్లకు ఇవ్వండి. మన జిల్లా వ్యాయామ ఉపాధ్యాయులకు ఒక మాట. గడ్డీ నీళ్లూ అక్కర్లేకుండా, బడి ఆవరణలోని బీడు నేల మీద నాలుగు గుంతలు తీసినా ఈ ఆట మొదలుపెట్టవచ్చు. నేర్పించేటప్పుడు కర్ర పట్టుకోవడం కన్నా ముందు, తన దెబ్బలు తానే లెక్కపెట్టుకోవడం నేర్పండి.

చివరిగా తల్లిదండ్రులకు. ఆటయినా, పరీక్షయినా, మీ బిడ్డ ఇంటికొచ్చి "ఒక మార్కు ఎక్కువ వేశారు, వెళ్లి చెప్పి తగ్గించుకున్నాను" అంటే, దయచేసి తిట్టకండి. వీడికి లోకం తెలీదని నవ్వకండి. దగ్గరికి తీసుకుని, మంచి పని చేశావని నలుగురి ముందూ చెప్పండి.